మాకు సెట్ కావన్నారు... స్టూడియోకే బాసయ్యాడు

మీ ఇన్‌బాక్స్‌లో ఉన్న రిజెక్షన్ మెయిల్స్‌లో ఒకదాన్ని తెరిచి మళ్లీ చదవండి. మా ప్రస్తుత అవసరాలకు మీ ప్రొఫైల్ సరిపోవడం లేదని, మీకు అంతా మంచే జరగాలని ఉంటుంది. కంపెనీ పేరు మారుతుందేమో కానీ విషయం మారదు. అందులో మనకు కావాల్సిన ముక్క మాత్రం ఉండదు. మనకు పని రాదని వద్దన్నారా? లేక పని వచ్చినా ఆ చోటికి కుదరమని వద్దన్నారా? మొదటిదైతే మనం మారాలి. రెండోదైతే చోటు మారాలి. ఈ తేడా తెలియకే చాలామంది చేతిలో ఉన్న విద్యను పక్కన పడేసి, పక్కవాడు చేరిన కోర్సులో చేరిపోతుంటారు.

ఈ తేడాను బతుకంతా ఎదుర్కొన్న మనిషి ఒకడున్నాడు. పేరు చెట్ ఆట్కిన్స్. అమెరికా కంట్రీ సంగీతంలో వేళ్లతో గిటార్ మీటే పద్ధతికి అతను పెద్ద పేరు. మీలో చాలామంది పుట్టకముందే, 2001లో చనిపోయాడు. ఇరవైల్లో ఉన్నప్పుడు అతన్ని రేడియో స్టేషన్లు పదేపదే ఉద్యోగంలోంచి తీసేశాయి. మొదటి ఉద్యోగంలో చేరిన 15 ఏళ్లకు, ఎవరిని తీసుకోవాలో ఎవరిని వద్దనాలో చెప్పే కుర్చీలో అతనే కూర్చున్నాడు. ఆ కుర్చీలో అతను చేసిన మంచి ఎంతుందో, అతని చేతిలో చేజారిన అవకాశాలూ ఉన్నాయి. అందుకే ఈ కథ మొత్తం తెలుసుకోవాలి. సగంలో ఆపేస్తే ఇంకో మోటివేషన్ వీడియో అవుతుందంతే.

మేకు బిగించిన గిటార్

చెస్టర్ బర్టన్ ఆట్కిన్స్ 1924 జూన్ 20న టెనెసీ రాష్ట్రంలోని లట్రెల్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పేద ఇల్లు. తండ్రి ఊరూరా తిరిగి సంగీతం నేర్పేవాడు. చెట్ చిన్నగా ఉన్నప్పుడే అమ్మానాన్నలు విడిపోయారు. మొదట ఉకులేలే, తర్వాత ఫిడేల్ పట్టాడు. తొమ్మిదేళ్లప్పుడు ఒక పాత పిస్తోలు అన్న లోవెల్ చేతిలో పెట్టి, కొన్ని ఇంటి పనులు కూడా తన నెత్తిన వేసుకుని, బదులుగా గిటార్ సంపాదించాడు.

అదేమన్నా మంచి గిటారా అంటే అదీ కాదు. గిటార్ మెడ చివర తీగల్ని ఎత్తి పట్టుకునే చిన్న పట్టీ ఒకటి ఉంటుంది. దాని బదులు ఈ గిటార్‌కి ఒక మేకు బిగించి ఉండేది. మెడ వంగిపోయింది కాబట్టి మొదటి కొన్ని మెట్లే పనిచేసేవి. ఆ నాలుగు మెట్ల మీదే నేర్చుకున్నాడు.

దానికి తోడు ఆస్తమా. గాలి మారితే నయమవుతుందని అతన్ని జార్జియా రాష్ట్రంలో ఉన్న తండ్రి దగ్గరికి పంపారు. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. రాత్రుళ్లు నిటారుగా ఉండే కుర్చీలో కూర్చునే నిద్రపోవాల్సి వచ్చేది. నిద్ర పట్టేదాకా గిటార్ వాయించేవాడు. గిటార్ చేతిలో ఉండగానే నిద్రపోయేవాడు. ఈ అలవాటు అతనికి జీవితాంతం ఉండిపోయింది. బళ్లో ఉన్నప్పుడు బాత్‌రూమ్‌లో కూర్చుని సాధన చేసేవాడు. అక్కడ గోడలకు తగిలి శబ్దం నిండుగా వినిపించేది మరి. కొన్నాళ్లకు ఎలక్ట్రిక్ గిటార్, ఆంప్లిఫయర్ కొనుక్కున్నాడు కానీ ఇంట్లో కరెంటు లేదు. ప్లగ్ పెట్టుకోవడానికి మైళ్ల దూరం వెళ్లాల్సి వచ్చేది.

రేడియోలో విన్నది... వేళ్లతో వెతుక్కున్నాడు

1939లో రేడియోలో మెర్ల్ ట్రావిస్ అనే గిటారిస్టు వాయిస్తుంటే చెట్ విన్నాడు. అక్కడే అతని దారి తిరిగింది. అప్పట్లో చాలామంది చేతిలో చిన్న బిళ్ల పట్టుకుని తీగల్ని మీటేవాళ్లు. ట్రావిస్ అలా కాదు. బొటనవేలితో కింది స్వరాల లావు తీగలు మీటుతూ తాళం నడిపేవాడు. అదే సమయంలో చూపుడువేలితో సన్న తీగల మీద పాట వాయించేవాడు. వింటే ఇద్దరు వాయిస్తున్నట్టు ఉండేది. మన వీణను గుర్తు తెచ్చుకోండి. చూపుడువేలు, మధ్యవేలు పాట నడుపుతుంటే చిటికెన వేలు పక్కనున్న తాళం తీగల్ని మీటుతుంది. ఒకే చెయ్యి, రెండు పనులు. అలాంటిదే ఇది.

ఇక్కడ చిక్కేంటంటే, చెట్ ఆ వాయింపును విన్నాడే కానీ చూడలేదు. ఇప్పటిలా వీడియో ఆపి, వెనక్కి తిప్పి, స్లో చేసి చూసే వీలు లేదు. ఒక బొటనవేలు, ఒక చూపుడువేలుతో ఇంత సంగీతం వస్తుందని అతనికి తట్టలేదు. ఎక్కువ వేళ్లు వాడుతున్నాడేమో అనుకున్నాడు. అలాగే సాధన చేశాడు. బొటనవేలితో తాళం, మూడు వేళ్లతో పాట. ట్రావిస్ పద్ధతి వేరని తెలిసేసరికి, ట్రావిస్ దగ్గర లేని ఇంకో పద్ధతి చెట్ చేతికి వచ్చేసింది. మనం రివర్స్ ఇంజినీరింగ్ అంటాం కదా, అది చేయబోయి కొత్త డిజైనే తయారుచేసుకున్నాడు. పాట, దాని పక్క స్వరాలు, తాళం అన్నీ ఒకే గిటార్ మీద పలికించే దారి దొరికింది.

ఉద్యోగం, ఊస్టింగ్, మళ్లీ ఉద్యోగం

1942లో హైస్కూల్ చదువు మధ్యలోనే వదిలేసి నాక్స్‌విల్ నగరంలోని డబ్ల్యూఎన్ఓఎక్స్ రేడియో స్టేషన్‌లో చేరాడు. చేరింది గిటార్ హీరోగా కాదు. బిల్ కార్లైల్ అనే గాయకుడు, ఆర్చీ క్యాంప్‌బెల్ అనే హాస్యనటుడు ఉన్న బృందంలో ఫిడేల్, గిటార్ వాయించడం అతని పని. మూడేళ్ల తర్వాత సిన్సినాటిలోని డబ్ల్యూఎల్‌డబ్ల్యూకి వెళ్లాడు. ఒకప్పుడు మెర్ల్ ట్రావిస్ పనిచేసిన స్టేషన్ అది. అక్కడ సుమారు ఆర్నెల్లు. తర్వాత రాలీ, ఆ తర్వాత రిచ్‌మండ్. 1946లో రెడ్ ఫోలీ అనే పెద్ద గాయకుడి వెంట నాష్‌విల్ వెళ్లి, దేశమంతా వినే గ్రాండ్ ఓల్ ఓప్రీ కార్యక్రమంలో వాయించాడు. అక్కడ తనొక్కడే వాయించే అంశాన్ని తీసేశాక బయటికొచ్చేశాడు. తర్వాత మిస్సోరి రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కేడబ్ల్యూటీవో స్టేషన్. అక్కడా తీసేశారు.

ఈ లిస్టును ఇవాళ్టి రెజ్యూమెలో రాస్తే హెచ్ఆర్ వాళ్ల మొదటి ప్రశ్న ఏంటో మీకు తెలుసు. ఏ ఒక్కచోటా నిలబడలేదేం?

కారణాలు రెండు. మొదటిది, అతను బాగా బిడియస్తుడు. రేడియో బృందాలు ఊళ్లు తిరిగి ప్రదర్శనలిచ్చే రోజులవి. స్టేజీ ఎక్కి జనాన్ని నవ్వించడం, కబుర్లు చెప్పడం అతని వల్ల అయ్యేది కాదు. రెండోది, అతని వాయింపు. కంట్రీ అంటే పల్లెపట్టు పాట, ఫిడేల్, స్టీల్ గిటార్ అని అనుకునే వాళ్లకు ఇతని గిటార్‌లో జాజ్ వినిపించేది. లెస్ పాల్, జాంగో రైన్‌హార్ట్ లాంటి వాళ్లను విని పెరిగిన చెయ్యి అది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చెప్పిన కారణం ఇదే. నీది కంట్రీలా లేదన్నారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. అతని ఉద్యోగం పోయిందీ, మళ్లీ ఉద్యోగం వచ్చిందీ ఒకే కారణంతో. ఎవరికీ రాని వాయింపు కాబట్టి ఒకచోట కుదరలేదు. ఎవరికీ రాని వాయింపు కాబట్టే ఇంకోచోట వెంటనే తీసుకున్నారు. వాయింపు రాక తీసేసి ఉంటే రెండో స్టేషన్ తలుపే తెరుచుకునేది కాదు.

అలాగని, నా పద్ధతి నాది అని మొండికేసి కూర్చోలేదు. గాయకుడి వెనక వాయించమంటే వాయించాడు. ఫిడేల్ కావాలంటే ఫిడేల్ పట్టాడు. తన స్టైల్‌ని వదలకుండానే, అద్దె కట్టడానికి కావాల్సిన మిగతా పనులన్నీ నేర్చుకున్నాడు. ఈ రెండూ కలిపి చేయడం కష్టమే. అతని కెరియర్ నిలబడింది మాత్రం ఆ కలయిక మీదే.

తీసేసిన చోటే ఒక మనిషి దొరికాడు

స్ప్రింగ్‌ఫీల్డ్ స్టేషన్‌లో సై సైమన్ అనే అధికారి ఉండేవాడు. చెస్టర్‌ని చెట్ అని పిలవడం మొదలుపెట్టింది అతనే. స్టేషన్ వద్దనుకున్నా సైమన్ మాత్రం చెట్‌ని వదల్లేదు. అతని వాయింపును రికార్డు కంపెనీలకు వినిపించే ప్రయత్నం చేశాడు. అది ఆర్‌సీఏ విక్టర్ కంపెనీకి చెందిన స్టీవ్ షోల్స్ దాకా చేరింది. 1947లో ఆర్‌సీఏ చెట్‌తో ఒప్పందం చేసుకుంది.

సినిమాలో అయితే ఇక్కడ పాటేసి, తర్వాతి సీన్‌లో కారు దింపుతారు. నిజంలో అలా జరగలేదు. మొదటి రికార్డులు అమ్ముడుపోలేదు. అతనితో పాడించారు కూడా. అదీ నడవలేదు. మళ్లీ నాక్స్‌విల్‌కి, పాత స్టేషన్‌కే వెళ్లాడు. అక్కడ హోమర్ అండ్ జెత్రో అనే జంటతో, ఆ తర్వాత మదర్ మేబెల్, కార్టర్ సిస్టర్స్ బృందంతో పనిచేశాడు. ఆ బృందంతోనే 1950లో మళ్లీ నాష్‌విల్ చేరాడు. ఈసారి నిలిచాడు.

నిలబెట్టింది స్టేజీ కాదు, స్టూడియో. అక్కడ కబుర్లు చెప్పక్కర్లేదు. వేళకు రావాలి, గాయకుడికి ఏం కావాలో పట్టుకోవాలి, తప్పు లేకుండా వాయించాలి. బిడియం అక్కడ లోపంగా కనపడలేదు. హ్యాంక్ విలియమ్స్ రికార్డింగులు కొన్నింటిలో, ఎవర్లీ బ్రదర్స్ పాటల్లో అతని గిటార్ ఉంది. 1956 జనవరిలో ఎల్విస్ ప్రెస్లీ ఆర్‌సీఏకి తొలిసారి నాష్‌విల్‌లో రికార్డు చేసినప్పుడు కూడా చెట్ అక్కడున్నాడు. షోల్స్ మెల్లగా అతనికి రికార్డింగ్ సెషన్లు నడిపే పని అప్పగించసాగాడు. సొంతంగా తొలి హిట్ 1955లో వచ్చింది, మిస్టర్ శాండ్‌మన్. ఒప్పందం కుదిరిన ఎనిమిదేళ్లకు!

ఈసీఈ వాళ్లకు ఒక ముక్క

ఆ రోజుల్లోనే గ్రెచ్ అనే గిటార్ కంపెనీ అతని పేరుతో మోడల్ తెచ్చింది. 6120 నంబర్ మోడల్ అది. డబ్బు, పేరు వచ్చాయి కదా అని ఊరుకోలేదు. దానిమీద ఆవు బొమ్మలు, కౌబాయ్ అలంకారాలు వేశారు, అవి అతనికి నచ్చలేదు. అసలు ఇబ్బంది వాటితో కాదు, పికప్‌తో.

ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ కాయిల్ ఉంటాయి. తీగ కదిలితే కాయిల్‌లో సిగ్నల్ పుడుతుంది. కానీ కాయిల్ ఒక్కటే ఉంటే అది చుట్టుపక్కల కరెంటు వైర్ల గుయ్‌మనే మోతను కూడా పట్టేస్తుంది. రే బట్స్ అనే టెక్నీషియన్‌తో కలిసి చెట్ దీనికి పరిష్కారం వెతికాడు. రెండు కాయిల్స్ పక్కపక్కన పెట్టి, బయటి మోత రెండింటిలో ఎదురెదురుగా వచ్చి కొట్టుకుపోయేలా, తీగ సిగ్నల్ మాత్రం కలిసేలా కట్టారు. ఫిల్టర్‌ట్రాన్ పేరుతో గ్రెచ్ గిటార్లలో వచ్చిన పికప్ అదే. మీరు ల్యాబ్‌లో డిఫరెన్షియల్ ఆంప్లిఫయర్ చేసి ఉంటే ఇందులోని ఉపాయం ఇట్టే తెలిసిపోతుంది. చెట్ కాలేజీ మెట్లెక్కలేదు. తన పనిముట్టు లోపల ఏం జరుగుతుందో మాత్రం తెలుసుకోకుండా వదల్లేదు.

కుర్చీకి అటువైపు

1957లో ఆర్‌సీఏ నాష్‌విల్ ఆఫీసు బాధ్యత చెట్‌కి ఇచ్చారు. అప్పుడు కంట్రీ సంగీతం పరిస్థితి బాగాలేదు. కుర్రకారంతా రాక్ అండ్ రోల్ వైపు వెళ్లిపోయారు, రికార్డులు అమ్ముడుకావడం లేదు. చెట్, డెక్కా కంపెనీలో పనిచేసే ఓవెన్ బ్రాడ్లీ, మరికొందరు కలిసి ఒక కొత్త ధ్వనిని తెచ్చారు. ఫిడేల్, స్టీల్ గిటార్ తగ్గించారు. వాటి చోట మెత్తటి పియానో, కోరస్ గొంతులు, వయొలిన్ల వరుసలు పెట్టారు. పట్నం వాళ్లూ వినేలా చేశారు. దానికి నాష్‌విల్ సౌండ్ అని పేరొచ్చింది. డాన్ గిబ్సన్ పాటలు, జిమ్ రీవ్స్ పాడిన హిల్ హావ్ టు గో లాంటివి అలా వచ్చాయి. జిమ్ రీవ్స్ పాట 1960లో అమెరికా పాప్ చార్టులో రెండో స్థానం దాకా వెళ్లింది. నాష్‌విల్ సౌండ్ అంటే ఏమిటని అడిగితే చెట్ జేబులో చెయ్యి పెట్టి చిల్లర గలగలలాడించేవాడని చెబుతారు.

తనలా ఎక్కడా కుదరని వాళ్ల గురించి అతనికి తెలుసు. 1965లో చార్లీ ప్రైడ్ అనే గాయకుడి టేపు వచ్చింది. చార్లీ నల్లజాతీయుడు. కంట్రీ సంగీతం అప్పట్లో దాదాపు పూర్తిగా తెల్లవాళ్ల చేతిలో ఉంది. చెట్ ఆ టేపును కంపెనీ పెద్దలకు ముందు వినిపించాడు. గొంతు నచ్చిందని వాళ్లు తేల్చాకే ఆ మనిషెవరో చెప్పాడు. చార్లీని తీసుకున్నారు. ఆర్‌సీఏలో బాగా అమ్ముడైన గాయకుల్లో అతనొకడయ్యాడు. తొలి రికార్డుకు ఫొటో లేకుండానే ప్రచారం చేశారన్నది కూడా నిజమే. ఆనాటి పరిస్థితి అది. పేరు, ఊరు, కాలేజీ చూడకముందే పని చూడాలన్న మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టదు.

అదే పొరపాటు... ఈసారి అతని చేత్తో

ఇప్పుడు కథలో ఇబ్బంది పెట్టే భాగం. విల్లీ నెల్సన్ అనే గాయకుడు 1960ల్లో ఆర్‌సీఏలో ఉన్నాడు. రాయడం, పాడటం రెండూ అద్భుతం. పాడే తీరు మాత్రం విచిత్రం, తాళానికి కాస్త ముందో వెనకో నడుస్తుంది. చెట్ అతని రికార్డులు చాలానే నిర్మించాడు. వాటికి అందరికీ వేసినట్టే వయొలిన్లు, కోరస్‌లు వేశారు. అవి పెద్దగా నడవలేదు. విల్లీ కంపెనీ వదిలేశాడు. 1975లో వేరే కంపెనీకి, చాలా తక్కువ వాద్యాలతో రెడ్ హెడెడ్ స్ట్రేంజర్ అనే ఆల్బమ్ చేశాడు. అది దేశాన్ని ఊపేసింది. చెట్ తీసుకున్న ఇంకో గాయకుడు వేలన్ జెన్నింగ్స్ కూడా, నా బృందంతో నా పద్ధతిలో రికార్డు చేసుకుంటానని ఏళ్ల తరబడి కంపెనీతో పోరాడాల్సి వచ్చింది.

అంటే చూడండి. నీది కంట్రీలా లేదని చెట్‌ని తీసేశారు. చెట్ పెద్దవాడయ్యాక, కంట్రీని కంట్రీలా లేకుండా చేశాడని అతన్నే తిట్టారు. ఆ విమర్శలో నిజం ఉందని, పాప్ వైపు మరీ దూరం వెళ్లానని అతనే తర్వాతి రోజుల్లో ఒప్పుకున్నాడు. అతను చెడ్డవాడని కాదు. ఒక ఫార్ములా డబ్బు తెస్తున్నప్పుడు, దానికి కుదరని మనిషి ఎంత గొప్పవాడైనా బాగోలేదనే అనిపిస్తుంది. కుదరనివాడి బాధ సొంతంగా పడ్డ మనిషికే అలా జరిగింది. మరి మీ రెజ్యూమెను కొన్ని సెకన్లు చూసి పక్కన పెట్టే మనిషికి జరగదా? ఆ మెయిల్‌ని మీ మీద చివరి తీర్పుగా తీసుకోకండి.

పదవి వదిలి, గిటార్ పట్టి

1968లో చెట్ ఆర్‌సీఏ వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు. 1973లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది. అదే ఏడాది క్యాన్సర్ బయటపడింది, చికిత్స తర్వాత కోలుకున్నాడు. ఆఫీసు పని పెరిగే కొద్దీ గిటార్‌కి సమయం తగ్గిపోయిందని అతనికి అర్థమవుతూ వచ్చింది. మెల్లగా బాధ్యతలు తగ్గించుకున్నాడు. 1976లో చిన్నప్పటి ఆరాధ్యుడు లెస్ పాల్‌తో కలిసి చెస్టర్ అండ్ లెస్టర్ ఆల్బమ్ చేశాడు, గ్రామీ వచ్చింది. 1982లో, అరవైకి దగ్గరపడుతున్న వయసులో, 35 ఏళ్లు ఉన్న ఆర్‌సీఏని వదిలి కొలంబియాకి వెళ్లాడు. జాజ్ వైపు వెళ్లాలన్నది కోరిక. ఒకప్పుడు ఉద్యోగం పోగొట్టిన గుణం అదేనని గుర్తుందిగా?

ఆ తర్వాత 1990లో మార్క్ నాఫ్లర్‌తో, 1997లో టామీ ఇమాన్యుయేల్‌తో ఆల్బమ్‌లు చేశాడు. మొత్తం 14 గ్రామీలు అందుకున్నాడు. బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ అతని అభిమాని.

ఇన్ని బిరుదులున్న మనిషి తన పేరు పక్కన సొంతంగా తగిలించుకున్నది సీజీపీ అనే మూడు అక్షరాలు. అంటే సర్టిఫైడ్ గిటార్ ప్లేయర్. ఏ యూనివర్సిటీ ఇచ్చిందని అడక్కండి, సరదాకి తనకు తానే ఇచ్చుకున్నాడు. తర్వాత మరో నలుగురు గిటారిస్టులకు తన చేత్తో ఇచ్చాడు. వాళ్లకు అది గ్రామీ కన్నా తక్కువేం కాదు.

2001 జూన్ 30న, 77 ఏళ్ల వయసులో, నాష్‌విల్‌లోని ఇంట్లో చనిపోయాడు. ఆ నగరంలో అతని కంచు విగ్రహం ఒకటుంది. స్టూలు మీద కూర్చుని గిటార్ వాయిస్తుంటాడు. పక్కనే ఇంకో స్టూలు ఖాళీగా ఉంటుంది, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు.

మీరు చేయాల్సింది

రిజెక్షన్ వచ్చిన ప్రతిసారీ మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, ఇదే పని చూసి ఇంకెవరైనా మెచ్చుకున్నారా? ఒక్క ప్రాజెక్ట్, ఒక్క ఇంటర్న్‌షిప్, తెలిసిన ఒక్క సీనియర్ అయినా సరే. ఒక్కరూ లేకపోతే లోపం పనిలోనే ఉండొచ్చు. సాధన పెంచండి. చెట్‌కి రెండో స్టేషన్ ఎప్పుడూ దొరికింది, ఆ మాట మర్చిపోవద్దు.

రెండు, మీ బలం కనపడే చోటుకే దరఖాస్తు చేస్తున్నారా? గ్రూప్ డిస్కషన్‌లో నోరు పెగలని వాళ్లు టెస్టింగ్‌లో, ఎంబెడెడ్‌లో, డాక్యుమెంటేషన్‌లో రాణించొచ్చు. స్టేజీ మీద తేలిపోయినవాడు స్టూడియోలో నిలబడ్డాడు కదా.

మూడు, వద్దన్న చోట మీ పని నచ్చిన మనిషి ఒక్కరైనా ఉన్నారా? ఇంటర్వ్యూలో ఆసక్తిగా రెండు ప్రశ్నలు ఎక్కువ అడిగినాయన, ఇంటర్న్‌షిప్‌లో మీ కోడ్ చదివినావిడ. వాళ్లకు ఒక మెయిల్ రాయండి. కొత్తగా చేసిన పని పంపండి. స్టేషన్ తలుపేసినా సై సైమన్ తలుపు తెరిచే ఉంచాడు.

ఇంకొక్కటి. పదేళ్ల తర్వాత మీలో చాలామంది కుర్చీకి అటువైపు కూర్చుంటారు. మీ ముందుకు మీ ఫార్ములాకు కుదరని కుర్రాడో అమ్మాయో వస్తారు. అప్పుడు విల్లీ నెల్సన్‌ని గుర్తు చేసుకోండి. చార్లీ ప్రైడ్ టేపును కూడా.